ఏ ఓడలో వచ్చావు, డోర్కసమ్మా?

చెక్కల వాగు వెంట పదకొండు గుడిసెలుండేవి. ఆ పదకొండింటికీ కలిపి రాయని కట్టుబాటు ఒక్కటే. ఎవర్ని ఏమైనా అడగొచ్చు. మీ ఆయన నిన్న కూడా తాగొచ్చి కొట్టాడా అని గుమ్మంలో నిలబడి అడగొచ్చు. మీ బంగాళదుంపలు ఎందుకు కుళ్ళాయని అడగొచ్చు. "ఏ ఓడలో వచ్చావు?" అని మాత్రం అడగకూడదు.

ఓడ పేరు చెబితే మనిషి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసినట్టే. కొన్ని ఓడలు తమ ఇష్టంతో వచ్చినవాళ్ళవి. కొన్ని, శిక్ష వేసి సముద్రం దాటించిన ఖైదీలవి. ఏ ఓడ ఏదో ఆ దీవిలో పసిపిల్లకి కూడా తెలుసు. ఖైదీల ఓడలు ఆగిపోయాక పెద్దమనుషులంతా కూచుని, వ్యాన్ డీమెన్స్ ల్యాండ్ అనే పాత పేరు కొట్టేసి టాస్మానియా అని కొత్త పేరు పెట్టుకున్నారు. పేరు మారిస్తే మైల పోతుందనుకున్నారు. ఆ మైల చేతులే అక్కడ రోడ్లు వేశాయి, వంతెనలు కట్టాయి, అదే పెద్దమనుషుల పిల్లలకి స్నానాలు పోశాయి. అది మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

డోర్కసమ్మ ఆ వాగుకి మంత్రసాని. అరవైకి దగ్గర పడింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. మొగుడు జెమ్ నీలగిరి చెట్లు కొట్టి చెక్కలు చీల్చేవాడు. మూడేళ్ళ కిందట తను కొట్టిన చెట్టే మీద పడి పోయాడు. వాగు మీద పుట్టిన ముప్పై ఒక్కమంది పిల్లలూ మొట్టమొదట పడ్డది ఆమె అరచేతుల్లోనే. ఎంత ఎండ కాసినా ఆమె జాకెట్టు చేతులు మణికట్టు దాకా బొత్తాలు పెట్టే ఉండేవి. పురుడు పోసేటప్పుడు మాత్రం మోచేయి దాటేదాకా పైకి మడిచేది. అప్పుడు కనపడేది ఎడమచేతి లోపలివైపు పచ్చబొట్టు. రెండక్షరాలు, పక్కన ఇంత చిన్న గుండెకాయ బొమ్మ. వాగు ఆడవాళ్ళందరూ నొప్పుల్లో ఆ చెయ్యి చూసినవాళ్ళే. ఒక్కరూ ఎన్నడూ మాట్లాడలేదు. వాళ్ళలో సగంమందికి ఖైదీ ఓడల్లో పొడిపించుకున్న అలాంటి అక్షరాలు ఎక్కడో అక్కడ ఉన్నాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వాగు నదిలో కలిసేచోట ఆల్చిప్పల గుట్ట ఒకటుంది. మనిషెత్తు. పైన గడ్డి మొలిచింది. ఆ గుల్లల్ని కాలిస్తే మంచి సున్నం వస్తుంది. పొయ్యిగొట్టం కట్టుకునే ప్రతివాడి కన్నూ దాని మీదే. డోర్కసమ్మ మాత్రం పార పట్టుకుని ఎవడు అటు వెళ్ళినా వెంటపడేది.

"దాని జోలికి పోవద్దన్నానా! నది అవతల ఇంకో గుట్ట ఉంది, పడవేసుకుని పో."

"ఆ గుల్లల కింద ముసల్ది గిన్నెడు బంగారం దాచింది రోయ్" అని ఎగతాళి చేసేది పక్కింటి కిట్టీ గ్లీసన్. కిట్టీ ఐర్లండు మనిషి, వెన్న దొంగిలించి శిక్షపడి వచ్చింది. ఆ మాట వాగు పాతవాళ్ళ ముందు ఆమే చెప్పుకుంటుంది. ఓడ పేరు మాత్రం చెప్పదు.

ఆ ఏడు ఆపిల్ కోతలయ్యాక వాగు మీదకి కొత్త సంసారం వచ్చింది. నీల్ మెకాస్కిల్, వాళ్ళావిడ మొరాగ్. స్కాట్లండు పడమటి దీవుల వాళ్ళు. ఖైదీలు కారు, ఏదో ధర్మ సంఘం వాళ్ళు ఓడెక్కిస్తే వచ్చారు. మొరాగ్‌కి పట్టుమని ఇరవై మూడేళ్ళుంటాయేమో. నాలుగో నెల. వానలకి ముందే తల దాచుకోవాలి కదా అని వాగు వాగంతా కదిలి వాళ్ళకి ఒక్కరోజులో ఇల్లు నిలబెట్టింది. పొద్దున గుంజలు పాతారు, మధ్యాహ్నానికి చెక్కలు కొట్టారు, పొద్దు వాలకముందే పైన బెరడు పరిచారు.

కొత్త ఇంటికి మొదటి నిప్పు పాత ఇంటి నుంచి వెళ్ళడం వాగు ఆనవాయితీ. డోర్కసమ్మ తన పొయ్యిలోంచి బొగ్గులు ఇనప కుండలో వేసుకొచ్చి, మొరాగ్ పొయ్యిలో పోసి ఊదింది. నిప్పు రాజుకోగానే మొరాగ్ ముఖానికి చేతులడ్డం పెట్టుకుని బావురుమంది.

"ఏమైందే పిల్లా, పొగా?"

"పొగ కాదు. మా ఇంట్లో నిప్పు మా తాత పుట్టకముందు నుంచీ ఆరలేదండీ. గొర్రెల కోసం భూమి ఖాళీ చెయ్యమని దొరగారి మనుషులొచ్చి, కుండలో పాలు మా పొయ్యిలో పోసి ఆర్పేశారు. మా పాలే."

డోర్కసమ్మ ఆ పిల్ల వీపు నిమిరింది. అందరూ చుట్టూ చేరి కంగారూ తోక పులుసు, బూడిదలో కాల్చిన రొట్టె తింటున్నారు. మొరాగ్ కళ్ళు తుడుచుకుని, ఇంత మంచి మనిషితో ఏదో ఒక చనువు మాట ఆడాలని, ఆపేక్షగా అడిగేసింది.

"అది సరే, మీరు ఏ ఓడలో వచ్చారు పెద్దమ్మా?"

నములుతున్న నోళ్ళన్నీ ఆగిపోయాయి.

పదేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న. అడగనిదానికి జవాబెవరు సిద్ధం చేసుకుంటారు? డోర్కసమ్మ నోట్లోంచి మొదట ఏది వస్తే అదే వచ్చింది.

"స్వాన్‌బ్రిడ్జ్. ఒక దొరసాని దగ్గర కుట్టుపనికి కుదిరి వచ్చాను. ఒక్కదాన్నే."

స్వాన్‌బ్రిడ్జ్ మంచి ఓడ. అది అబద్ధమని అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. కిట్టీ అందుకుంది.

"అవునే తల్లీ, ఆ దొరసాని కుక్కకి కూడా కోట్లు కుట్టిపెట్టింది మా డోర్కసు. రొట్టె అందుకో, చల్లారిపోతోంది."

ఇంటికెళ్ళే దారిలో కిట్టీ ఊరుకుంటుందా!

"అబద్ధమాడితే ఆడావు, ఇంతమంది సాక్షుల ముందు ఆడాలటే? ఇప్పుడు మేమంతా జీవితాంతం స్వాన్‌బ్రిడ్జ్‌ని మొయ్యాలి."

డోర్కసమ్మ నవ్వలేదు. "ఒక్కదాన్నే అన్నానే" అంది. "నోరెలా వచ్చిందే నాకు, ఒక్కదాన్నేనని?"

కిట్టీ నడక ఆపేసింది. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఎగతాళి లేదు.

డోర్కసమ్మ ఒక్కతే రాలేదు. బ్రిస్టల్లో ఒక బట్టల కొట్లో దళసరి ఊలు గుడ్డ తాను ఎత్తుకొస్తూ దొరికిపోయినప్పుడు ఆమె కడుపుతో ఉంది. ఏడేళ్ళు శిక్ష వేశారు. జైల్లో పుట్టాడు టామ్. నాలుగు నెలల ఓడ ప్రయాణంలో వాడు చంకలోనే పెరిగాడు. ఓడలోనే ఒక తోటి ఖైదీ దీపం మసి, కుట్టుసూది తెచ్చి, వాడి పేరు ఆమె చేతి మీద పొడిచింది. టీ, హెచ్. టామ్ హోబ్లీ. హోబ్లీ ఆమె పుట్టింటి పేరు. ఒడ్డు దిగాక ఫ్యాక్టరీ అని పిలిచే ఆడ ఖైదీల జైల్లో వాడికి పాలు మాన్పించి, తల్లుల నుంచి వేరుచేసిన పిల్లల గదిలో పడేశారు. ఆమెని ఉతుకుడు తొట్ల దగ్గరికి పంపారు. వాడి పదకొండో నెలలో ఒక ఆదివారం, చూడనిస్తారు కదా అని వెళితే వాడి చాప మీద ఇంకొకరి బిడ్డ పడుకుని ఉన్నాడు. ఎక్కడ పూడ్చారో కూడా చెప్పలేదు. వాడు ఈ భూమ్మీద ఉన్నాడనడానికి మిగిలిన గుర్తు ఆ రెండక్షరాలే. స్వాన్‌బ్రిడ్జ్ ఓడలో టామ్ లేడు. ఆ ఒక్క మాటతో తన కొడుకుని తనే ఇంకోసారి పూడ్చిపెట్టింది.

చెప్పేద్దామనుకుంది. ఒకటి కాదు, రెండుసార్లు. మొరాగ్ రోజూ వచ్చేది. రొట్టె పులియబెట్టడం నేర్చుకునేది, బదులుగా ఊలు వడికి ఇచ్చేది. "మా అమ్మ ఉంటే నన్నిట్లాగే తిట్టేది పెద్దమ్మా, ఇంకో రెండు తిట్లు తిట్టండి" అనేది. ఆ పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టి, బిడ్డ కాలు ఎటుందో చూస్తున్నప్పుడు ఒకసారి నోటిదాకా వచ్చింది మాట. సరిగ్గా అప్పుడే నీల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"డోర్కసమ్మగారూ, ఆ గుట్టలో నాలుగు బుట్టల గుల్లలు..."

"అవతలి ఒడ్డుకి పో నాయనా."

నీల్ నెమ్మదైన మనిషి. టోపీ చేతిలో తిప్పుతూ అన్నాడు. "మీరు దొరకడం మా అదృష్టమమ్మా. ఓడ దిగేటప్పుడే పాదిరీగారు చెప్పారు, ఖైదీ ఆడదాన్ని గడప తొక్కనివ్వొద్దని. నా పెళ్ళాం మీద అట్లాంటి చెయ్యి పడేకంటే పురుడు నేనే పోసుకుంటాను."

మూలన దుంపల చెక్కు తీస్తున్న కిట్టీ తలెత్తకుండానే అంది. "నువ్వు పోసింది ఆవుల పురుళ్ళేగా అబ్బాయీ? ఆవిడకి కొమ్ములేం కనపడటంలేదే మాకు."

అందరూ నవ్వారు. డోర్కసమ్మ కూడా నవ్వింది. మణికట్టు దగ్గర బొత్తాం సరిగ్గా ఉందో లేదో తడుముకుంది.

నీల్ చెడ్డవాడు కాడు. తను పోగొట్టుకున్నవాటిలో మిగిలింది మంచి పేరొక్కటే. అది కూడా పోతుందేమోనని భయం. తరిమినవాడి మీద కోపం తెచ్చుకోవడం కష్టం, వాడు సముద్రానికి అవతల ఉంటాడు. తన పక్కనే తనకంటే ఒక మెట్టు కింద ఎవరో ఒకరున్నారనుకుంటే కాస్త ధైర్యం. పెద్దమనుషులకి కావలసింది సరిగ్గా అదే.

ఆగస్టు నెల, ఆ దీవిలో నడి చలికాలం. మంచు వాన. పొద్దున్నే మొరాగ్‌కి నొప్పులు మొదలయ్యాయి. డోర్కసమ్మ, కిట్టీ వెళ్ళారు. నీల్‌ని చూరు కింద కట్టెలు కొట్టుకోమని బయటికి పంపారు. డోర్కసమ్మ జాకెట్టు చేతులు బొత్తాలతోనే ఉన్నాయి. కిట్టీ చూసింది.

మధ్యాహ్నానికి డోర్కసమ్మ ముఖం మారింది. బిడ్డ అడ్డం తిరిగింది. ముందు ఒక చిన్న చెయ్యి కిందికి వచ్చింది. నీలంగా, మెత్తగా, ఎవర్నో పిలుస్తున్నట్టు.

"కిట్టీ, బాతు కొవ్వు ఇలా తే."

కిట్టీ గిన్నె తెచ్చింది. మొరాగ్‌కి వినపడకుండా గొణిగింది. "లోపలికి చెయ్యి పెట్టి తిప్పాలి కదే. మోచేతి దాకా. ఆ గుడ్డతో పెడతావా?"

"తెలుసు."

"తెలిస్తే మరి?"

బయట గొడ్డలి చప్పుడు. ముప్పై ఒక్క కాన్పుల్లో ఎన్నడూ ఆగని వేళ్ళు బొత్తాం దగ్గర ఆగాయి. ఈ బొత్తాం విప్పితే ఈ గడప పోతుంది. పెద్దమ్మా అని పిలిచే ఆ గొంతు పోతుంది. విప్పకపోతే ఇద్దరూ పోతారు. ఇందులో ఆలోచించడానికేముంది? అయినా ఆలోచించింది, రెండు ఊపిరులు తీసి వదిలేంతసేపు. ఆ రెండు ఊపిరులకీ తర్వాత బతికున్నంతకాలం సిగ్గుపడింది.

విప్పింది. మోచేయి పైకి మడిచింది. కొవ్వు రాసుకుంది.

నొప్పికీ నొప్పికీ మధ్య కళ్ళు తెరిచింది మొరాగ్. "అదేంటి పెద్దమ్మా, చేతి మీద?"

"నా కొడుకు పేరు."

"మీకు పిల్లల్లేరు కదా?"

"ఉన్నాడు. నాతోపాటే వచ్చాడు. ఓడలోనే పొడిపించుకున్నానిది."

ఎలాంటి ఓడల్లో ఆడవాళ్ళు పచ్చబొట్లు పొడిపించుకుంటారో ఆ ఐదు నెలల్లో మొరాగ్ కూడా విని ఉంది. ఆమె చూపు ఆ అక్షరాల మీద నిలిచిపోయింది. బయట గొడ్డలి ఆగింది. తలుపు కొంచెం తెరుచుకుంది, నీల్ గొంతు లోపలికి వచ్చింది.

"ఏమైంది? మొరాగ్, ఏమైనా కావాలా?"

కిట్టీ తలుపుకి అడ్డం నిలబడింది. డోర్కసమ్మ కదల్లేదు. కొవ్వు కారుతున్న చేతిని గాల్లో పట్టుకుని, ఇరవై మూడేళ్ళ పిల్ల ఇవ్వబోయే తీర్పు కోసం చూసింది. బ్రిస్టల్లో జడ్జీ ముందు కూడా అంత భయపడలేదు.

"ఏం లేదు నీల్" అంది మొరాగ్. "చలిగాలి వస్తోంది. ఆ తలుపు వెయ్యి."

ఆ తర్వాత డోర్కసమ్మ భుజం గట్టిగా పట్టుకుని, "కానివ్వండి" అంది.

అరగంట పట్టింది. మొరాగ్ అరిచిన అరుపులకి ఎదుటి గట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. బిడ్డ కాళ్ళతో వచ్చింది, ఆడపిల్ల. ముందు ఏడవలేదు. డోర్కసమ్మ నోట్లో నోరు పెట్టి ఊదింది, మొదటిరోజు ఆ పొయ్యిలో నిప్పు ఊదినట్టే. మూడో ఊపిరికి పిల్ల తుమ్మి, కిట్టీ మీద ఉచ్చ పోసి, ఆ తర్వాత ఏడిచింది.

"ఐర్లండు మనిషంటే ఎంత మర్యాదో చూశారా" అంది కిట్టీ, కళ్ళ నీళ్ళతోనే.

నీల్ లోపలికి వచ్చాడు. పెళ్ళాన్ని చూశాడు, బిడ్డని చూశాడు. ఆ తర్వాత డోర్కసమ్మ చేతులు చూశాడు. మడత ఇంకా దించలేదు. రక్తం కింద, కొవ్వు కింద, రెండక్షరాలు. అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"అట్లా నిలబడ్డావేం? నీళ్ళు పట్రా" అంది మొరాగ్. "డోర్కసమ్మ చేతులు కడుక్కోవద్దూ?"

నీల్ కెటిల్‌లో వేడినీళ్ళు, కుండలో చన్నీళ్ళు కలిపాడు. వేలు పెట్టి చూశాడు. తొట్టి పట్టుకుని, మోచేతి నుంచి కిందికి, తొందర లేకుండా పోశాడు. నీళ్ళు ఎర్రగా, తర్వాత తెల్లగా కారాయి. అక్షరాలు నీలంగా తేలాయి. తన భుజం మీది తువ్వాలే ఇచ్చాడు.

అతను బయటికి వెళ్ళాక మొరాగ్ బిడ్డకి పాలిస్తూ అంది.

"మమ్మల్ని వెళ్ళగొట్టిన రోజు మంచు కురుస్తోంది. మాకు చోటిస్తే వాళ్ళ ఇల్లూ కూలగొడతామని ఊరంతా చాటారు. మా పిన్ని ఇంటికి వెళ్ళాం. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. మమ్మల్ని చూసి తలుపు వేసేసుకుంది. లోపల గడియ పడ్డ చప్పుడు ఇంకా వినపడుతుంది నాకు. ఓడెక్కేటప్పుడు కాగితం మీద ఏం రాశారో తెలుసా? 'తమ ఇష్టంతో' అని."

కిట్టీ పెదవి విరిచింది. "మమ్మల్ని జడ్జీ తోలాడు, మిమ్మల్ని గొర్రెలు తోలాయి. కక్కుకున్నది ఒక్క సముద్రంలోనేగా!"

మొరాగ్ నవ్వింది, నవ్వితే నొప్పి వేసి మూలిగింది. ఆ తర్వాత డోర్కసమ్మ వైపు తిరిగింది.

"ఏ ఓడలో వచ్చావు, డోర్కసమ్మా?"

అదే ప్రశ్న, అదే పొయ్యి దగ్గర. ఈసారి జవాబు సిద్ధంగానే ఉంది.

"లార్క్‌హిల్. నేనూ, మా టామూ."

"ఎలా ఉండేవాడు?"

ఆ మాట కూడా ఎవరూ అడగలేదు ఇంతకాలం. డోర్కసమ్మ చాలాసేపు చెప్పింది. రెండు పళ్ళు వచ్చాయని, ఓడ ఊగినప్పుడల్లా నవ్వేవాడని, ఎడమచెవి కొంచెం మడత పడి ఉండేదని. కిట్టీ బిడ్డ గుడ్డలు మడుస్తూ వింది. చెప్పడం అయిపోయాక డోర్కసమ్మ లేస్తుందనుకున్నారు. లేవలేదు.

"ఇంకొకటుంది. మీ పిన్ని సంగతి చెప్పావు కనక చెబుతున్నాను. నేనూ ఒక తలుపు వేశాను."

మొరాగ్ తలెత్తింది.

"జెమ్, నేను ఇక్కడికొచ్చిన రెండో చలికాలం. వానలో ఒకామె వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈ నేల మనిషి. మనం రాకముందు ఇదంతా ఎవరిదో, వాళ్ళ మనిషి. నదిమూల గుట్ట ఉందే, ఆ గుల్లలు వాళ్ళ అమ్మమ్మలూ వాళ్ళ అమ్మమ్మలూ తిని పోసినవి. ఆమె దానిమీద కూచోడానికి వచ్చింది, అంతే. వానకి తట్టుకోలేక నిప్పు అడిగింది. ఇంట్లో జెమ్ లేడు. నిప్పు ఉంది. ఇస్తే ఇంకొందరొస్తారేమో, ఇది మాది అంటారేమో అనుకున్నాను. ఏడేళ్ళు శిక్ష పడి, కొడుకుని పోగొట్టుకుని, చివరికి ఒక గుడిసె దొరికింది నాకు. అదీ పోతుందేమోనని గడియ వేశాను. ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు మొరాగ్. అలవాటు ఉంది."

కిట్టీ అప్పుడు మొదటిసారి ఆ గుట్ట మీద తను వేసిన వేళాకోళాలన్నీ తలుచుకున్నట్టుంది. తల వంచుకుంది.

"పోనీలే పెద్దమ్మా" అనలేదు మొరాగ్. గడియ చప్పుడు ఇంకా వినపడే మనిషి ఆ మాట ఎలా అంటుంది? ఇంకోటి అడిగింది.

"ఇప్పుడెక్కడుంటుంది?"

"వాళ్ళలో మిగిలినవాళ్ళని అఖాతం పక్కన, ఖైదీలు ఖాళీ చేసిన పాత కొట్టాల్లో పెట్టారట. మాలాంటివాళ్ళు పడుకున్న చెమ్మ గోడల మధ్యే. ఉందో, పోయిందో."

"ఎండలు రాగానే వెళదాం. నీల్ పడవ నడుపుతాడు."

"వెళ్ళి ఏమని చెబుతాం?"

"వేసిన తలుపు నీదని చెప్పు. ఇంకేం చెబుతాం?"

"తలుపు తియ్యకపోతే?"

"తియ్యకపోతే గుమ్మం బయటే కూచుందాం" అంది మొరాగ్. "వాళ్ళ గుమ్మం. వాళ్ళిష్టం."

పొద్దు ఇంకా ఉంది. వాన తగ్గింది. డోర్కసమ్మ పురుటి నీళ్ళకని తెచ్చిన తన ఇనప కుండ తీసుకుని వాగు గట్టున ఇంటికి నడిచింది. దారిలో కట్టెలు మోస్తూ నీల్ ఎదురయ్యాడు, పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"అమ్మా, ఎండలు వచ్చేసరికి పడవకి తారు పూసి ఉంచుతాను" అన్నాడు. మొరాగ్ ఎప్పుడు చెప్పిందో, లేక చెక్క గోడల్లోంచి అంతా వినపడిందో!

డోర్కసమ్మ తలూపింది. చలికి చేతులు ఎర్రబడ్డాయి. మడత మాత్రం దించలేదు.